ఎవరిని, ఏ విషయంలో, ఎంతవరకు నమ్మాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి బెంగళూరు పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకరు తమ మీద తమకే నమ్మకం పోయిందని రాశారు, ఒకరు పక్కవాళ్లను నమ్మాలా వద్దా అని అడిగారు, ఇంకొకరు కట్టుకున్నవాడే అబద్ధం చెప్పాడని బాధపడ్డారు. అన్నీ చదివాక నాకు అనిపించింది ఒకటే. నమ్మకం ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే మొత్తం పోయినట్టే అని చాలామంది అనుకుంటున్నారు. కానీ మన మీద మనకైనా, ఎదుటివాళ్ల మీదైనా, నమ్మకం ఒక్కో విషయానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే ప్రతి ఉత్తరానికీ నేను ముందు "ఏ విషయంలో?" అని అడిగి, ఆ తర్వాతే జవాబు రాశాను.

ప్రశ్న: మాది అనంతపురం. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేసి, బాబు పుట్టాక మానేశాను. వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. మళ్లీ ఉద్యోగం చేద్దామని కోర్సులు చేస్తున్నాను కానీ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే గొంతు ఎండిపోతుంది, తెలిసినవి కూడా నోటికి రావు. విచిత్రమేంటంటే మొన్న అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకర్ల బిల్లుల మీద అంతమంది ముందు కమిటీవాళ్లను నిలదీశాను, అప్పుడు ఏ భయమూ లేదు. మా ఆయన "నీకు కాన్ఫిడెన్స్ లేదు, అదొక్కటే ప్రాబ్లం" అంటారు. అది ఎలా తెచ్చుకోవాలి? – ఒక పాఠకురాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ట్యాంకర్ల దగ్గర. ఆ రోజు మీకు భయం వేయలేదు, ఎందుకంటే ఏ తేదీన ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఎంత బిల్లు వేశారో మీరు చూశారు, లెక్క మీ చేతిలో ఉంది. అదే మనిషి ఇంటర్వ్యూలో తడబడింది. కాబట్టి మీకు కాన్ఫిడెన్స్ లేదనడం సరికాదు. ఇంటర్వ్యూలో మాట్లాడటం అనే ఒక్క పనిలో అది ఇంకా కుదరలేదు, అంతే. ఈ తేడా మీ ఆయనకు కూడా చదివి వినిపించండి, ఎందుకంటే "నీకు లేదు" అని రోజూ వింటూ ఉంటే ఉన్నచోట కూడా జారిపోతుంది.

ఆల్బర్ట్ బండూరా అని కెనడాలో పుట్టి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు, 2021లో పోయారు. 1977లో ఆయన రాసిన పరిశోధన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మూలస్తంభం. పాములంటే వణికిపోయేవాళ్ల మీద ఆయన పనిచేశారు. వాళ్లకు ధైర్యవచనాలు చెప్పి కూర్చోబెట్టలేదు. ముందు ఇంకొకరు పామును పట్టుకోవడం చూపించారు, తర్వాత గ్లవ్స్ వేసుకుని ముట్టుకోమన్నారు, ఆ తర్వాత వట్టి చేతులతో. చేసిన కొద్దీ "నేను చేయగలను" అన్న నమ్మకం పెరిగింది. అది ఎక్కడినుంచి వస్తుందో ఆయన నాలుగు చోట్లు చెప్పారు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పే మాట, ఆ సమయంలో మన ఒంట్లో జరిగేదాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటాం అన్నది. అన్నిటికన్నా మొదటిదే బలమైనది. మనం మాత్రం మూడోదాన్ని, అంటే మాటల్ని పట్టుకుని వేలాడుతుంటాం.

మీ విషయంలో దీన్ని ఎలా వాడాలో చెప్తాను. మీరు కోర్సులు చూస్తున్నారు. చూడటం వేరు, చేయడం వేరు. టెస్టింగులో ఆటోమేషన్ వాటా ఇప్పుడు బాగా పెరిగింది కదా, మీరు సెలీనియం (వెబ్‌సైట్లను దానంతటదే పరీక్షించే టూల్) నేర్చుకుంటున్నట్టయితే ఏదైనా ప్రాక్టీసు వెబ్‌సైటు తీసుకుని లాగిన్ పేజీకి పది టెస్ట్ కేసులు మీరే రాసి, నడిపి, రెండు తప్పులు పట్టుకుని, ఆ కోడ్ నలుగురూ చూసేలా గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో పెట్టండి. అప్పుడు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ట్యాంకర్ల లెక్క లాంటిది ఒకటి మీ చేతిలో ఉంటుంది. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు రెండు నిమిషాల జవాబు రాసుకుని ఫోనులో రికార్డు చేసి వినండి. మొదటిసారి వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఫర్వాలేదు, తర్వాత మీ స్నేహితురాలితో వీడియో కాల్ పెట్టి ఆవిడను అడగమనండి. కెమెరా ఆన్ చేసి, స్క్రీన్ షేర్ చేసి, అచ్చం ఇంటర్వ్యూలాగే. చెయ్యి వణికి మ్యూట్ బటన్ వెతుక్కునే ఆ పది సెకన్లు ఇంట్లోనే అయిపోవాలి.

మధ్యలో వచ్చిన ఖాళీ గురించి అడిగితే క్షమాపణ చెప్తున్నట్టు మాట్లాడొద్దు. "బాబు కోసం మానేశాను, ఇప్పుడు ఇది నేర్చుకున్నాను, ఇదిగో చేసిన పని" అని చెప్పి ఆపేయండి. కెరీర్‌లో విరామం తీసుకున్న ఆడవాళ్ల కోసం కొన్ని కంపెనీలు విడిగా ఉద్యోగాలు ఇస్తున్నాయి, రిటర్న్‌షిప్ అంటారు, ఆ పేరుతో వెతకండి. అలా తిరిగి చేరినవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. వాళ్లలో ఒకరితో కాసేపు కూర్చుని టీ తాగండి, ఎంత పేరున్న వక్త ఉపన్యాసమైనా దాని ముందు తక్కువే. గొంతు ఎండటం గురించి ఒక్క మాట. గుండె దడ అనేది "నాకు రాదు" అనడానికి సాక్ష్యం కాదు, ముఖ్యమైన పనికి ఒళ్లు సిద్ధమవుతోందని అంతే. పక్కన నీళ్లు పెట్టుకోండి, అడగగానే ఒక గుక్క తాగి మొదలుపెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: చేతులు నడుము మీద పెట్టుకుని రెండు నిమిషాలు నిటారుగా నిలబడితే కాన్ఫిడెన్స్ హార్మోన్లు పెరుగుతాయని మా ఆఫీసు ట్రైనింగులో చెప్పారు. నిజమా? – ఒక ఉద్యోగి, ఇందిరానగర్

జవాబు: హార్మోన్ల మాట నిలబడలేదు. 2010లో 42 మందితో చేసిన ప్రయోగంలో అలా తేలిందన్నారు, లోకమంతా పాకింది. 2015లో ఇంకో బృందం 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. మొదటి ప్రయోగం చేసినవాళ్లలో ముఖ్యురాలు డానా కార్నీ 2016లో, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించారు. తన పేరు మోసుకొచ్చిన పరిశోధన గురించి అలా చెప్పగలగడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. నిటారుగా కూర్చోండి, మంచిదే. ఆ రెండు నిమిషాలూ ప్రెజెంటేషన్ మొదటి వాక్యాన్ని పైకి చదువుకుంటే ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: కె.ఆర్.పురంలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. మా ఊరాయనే ఒకాయన ఇక్కడ ఐదు లక్షల చిట్టీ వేస్తున్నాడు, 20 మంది, నెలకు 25 వేలు. చాలా నమ్మకస్తుడు, మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా మాతోనే ఉన్నాడు. మా ఇంటావిడ కాగితాలు అడగమంటుంది. అంత చేసిన మనిషిని కాగితాలు ఎలా అడగను? అది అవమానం కాదా? – ఒక సోదరుడు

జవాబు: అన్నా, మీ ఇంటావిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆవిడ మాట వినండి.

ఆసుపత్రిలో మీతో రాత్రంతా ఉన్న మనిషిని ఆపదలో తోడు వస్తాడని నమ్మొచ్చు, ఆ నమ్మకాన్ని తగ్గించుకోమని నేను చెప్పను. కానీ చిట్టీ నడపడం అనేది మంచితనంతో జరిగే పని కాదు. లెక్క చూద్దాం. మొదటి నెల పాటలో ఒకరు లక్ష తగ్గించి పాడుకున్నారు అనుకోండి, ఆయన చేతికి నాలుగు లక్షలు వస్తాయి. ఆ లక్షలో నిర్వాహకుడి కమీషన్ చట్టప్రకారం 7 శాతం దాటకూడదు, అంటే ఐదు లక్షల మీద 35 వేలు. మిగిలిన 65 వేలు 20 మందికి పంచితే తలా 3,250, కాబట్టి ఆ నెల మీరు కట్టేది 21,750. ఇంతవరకు అందరికీ లాభంగానే కనిపిస్తుంది. ఇప్పుడు మూడో నెలలో ఒకడు, నాలుగో నెలలో ఇంకొకడు చిట్టీ ఎత్తుకుని కట్టడం మానేశారు అనుకోండి. అక్కడినుంచి నెలకు దగ్గరదగ్గర 50 వేల బొక్క. మీ ఊరాయన నిఖార్సయిన మనిషే, పారిపోయే రకం కాదు, అయినా ఆ 50 వేలు పదహారు నెలలపాటు ఎక్కడినుంచి తెస్తాడు? ముందు సొంత డబ్బు వేస్తాడు, తర్వాత వడ్డీకి తెస్తాడు, ఆ తర్వాత కొత్త చిట్టీ మొదలుపెట్టి ఆ డబ్బుతో పాత చిట్టీ నడుపుతాడు. మోసం చేద్దామని మొదలుపెట్టనివాళ్లు కూడా చాలామంది ఇలాగే మునిగారు, వాళ్లతోపాటు నమ్మినవాళ్లూ మునిగారు.

అందుకే 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నుంచి ముందు అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు. చిట్టీల రిజిస్ట్రార్ దగ్గర నిర్వాహకుడు చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి, సభ్యులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాని కాపీ మీకివ్వాలి, చిట్టీ పాడుకున్నవాళ్ల దగ్గర మిగతా వాయిదాలకు పూచీ తీసుకోవాలి. గొడవ వస్తే రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక్క మనిషి సొంతంగా నడిపే చిట్టీల విలువ మొత్తం 3 లక్షలు దాటకూడదు, 2019లో చట్టం మార్చకముందు అది లక్షే. ఐదు లక్షల చిట్టీ ఒక్కడే తన పేరు మీద నడుపుతున్నాడంటే అది చట్టం గీత దాటిందన్నమాటే.

ఇక అవమానం సంగతి. "నిన్ను నమ్మక అడుగుతున్నా" అని మీరు అనడం లేదు కదా. "అన్నా, నేను ఏ చిట్టీలో చేరినా అగ్రిమెంట్ కాపీ, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటాను, నీదైనా అంతే" అనండి. పక్కకు పిలిచి గుసగుసగా వద్దు, మామూలుగా టీ తాగుతూ అడగండి. ఇంటావిడ అడగమంది అని ఆవిడ మీద పెట్టొద్దు, అడిగేది మీరు. సక్రమంగా నడిపేవాడికి ఆ ప్రశ్న కొత్త కాదు, రోజూ వింటుంటాడు, తీసి చూపిస్తాడు. "మన మధ్య కాగితాలేంటి బావా" అని నవ్వి దాటేస్తే, ఆ రాత్రి ఆసుపత్రిలో చేసిన సాయానికి జీవితాంతం కృతజ్ఞతగా ఉండండి, చిట్టీలో మాత్రం చేరకండి. నెలకు 25 వేలంటే ఎన్ని ప్లేట్ల ఇడ్లీ అమ్మితే మిగులుతుందో మీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి గిన్నెల దగ్గర నిలబడి సంపాదించిన డబ్బది.

ప్రశ్న: నన్ను తమ్ముడనుకుని చెప్పండి. కడప నుంచి వచ్చాను, బీటీఎంలో పీజీలో ఉంటున్నా, ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. మా టీమ్‌లో ఒకడు తెలిసినా తెలియకపోయినా ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడేస్తాడు, మేనేజర్ వాడివైపే చూస్తాడు. నాకు విషయం తెలిసినా "నూటికి నూరు శాతం ఖాయమా?" అని నాలో నేనే అనుకుని ఆగిపోతా. నేనూ వాడిలా తయారవ్వాలా? – ఒక తమ్ముడు

జవాబు: వద్దు తమ్ముడూ. కానీ ఇప్పుడున్నట్టు కూడా ఉండొద్దు.

1999లో కార్నెల్ యూనివర్సిటీలో డేవిడ్ డనింగ్, జస్టిన్ క్రూగర్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటివాటిలో పరీక్షలు పెట్టి, మీరు ఎలా రాశారనుకుంటున్నారో చెప్పండి అన్నారు. అట్టడుగున ఉన్న పావు వంతు మంది సగటున, వందమందిలో 12 మందికన్నా మాత్రమే మెరుగ్గా రాశారు, కానీ 62 మందికన్నా మెరుగని అనుకున్నారు. బాగా రాసినవాళ్లేమో తమ స్థానాన్ని ఉన్నదానికన్నా కాస్త తక్కువగా అంచనా వేసుకున్నారు. పని రానివాడికి తనకు రాదని తెలుసుకునే జ్ఞానం కూడా ఉండదు, వచ్చినవాడు అందరికీ ఇంతే వచ్చనుకుంటాడు. మీ ఇద్దరి కథ ఇదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, వాడికి నిజంగా తెలిసి ఉండొచ్చు. గొంతును బట్టి మాత్రం కొలవొద్దు, వాడినైనా నిన్నైనా.

మరి సరైన ఆత్మవిశ్వాసం ఎలా ఉంటుందని అడిగితే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సముద్రం ఒడ్డున వానరుల సభ. నూరు యోజనాలు దాటాలి. అంగదుడు అందరినీ అడుగుతాడు, ఎవరెంత దూకగలరో చెప్పండి అని. గజుడు పది యోజనాలంటాడు, గవాక్షుడు ఇరవై అంటాడు, అలా ఒక్కొక్కరూ తమ లెక్క తాము చెప్తారు. జాంబవంతుడు వయసులో ఉన్నప్పటి సంగతి వేరు, ఇప్పుడైతే తొంభై అంటాడు. యువరాజైన అంగదుడు నూరూ దూకగలను, కానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేను అంటాడు. చూడు, అంతమంది వీరుల్లో ఎవరూ తనకు లేనిది ఉందని చెప్పలేదు, పది అన్నవాడు సిగ్గుతో నోరు మూసుకుని కూర్చోలేదు. తిరుగు ప్రయాణం మీద అనుమానం ఉందని చెప్పినందుకు అంగదుణ్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు.

మీటింగులో నువ్వు చేయాల్సింది అదే. నూరు శాతం ఖాయమయ్యేదాకా ఆగితే నీ వంతు ఎప్పటికీ రాదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో నూరు శాతం ఖాయం అనేది ఉండదు. "ఈ ఎర్రర్ డేటాబేస్ వైపు నుంచే వస్తోందని అనుకుంటున్నా, నిన్నటి లాగ్‌లో ఇది చూశాను, కనెక్షన్ల సంగతి ఇంకా చూడలేదు, మధ్యాహ్నానికి చూసి చెప్తా" అను. తెలిసింది ఇంత, తెలియంది ఇంత, ఎప్పటికి చెప్తావో కూడా చెప్పావు. చెప్పిన టైముకు ఆ సమాధానం ఇచ్చెయ్. ఇలా కొన్నాళ్లు చేస్తే మేనేజర్ ఎటు చూస్తాడో నువ్వే గమనిస్తావు. ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకు, చిన్న చిన్న వాక్యాలు చాలు, మీటింగుకి ముందు ఆ రెండు వాక్యాలు నోట్‌పాడ్‌లో టైపు చేసి పెట్టుకో. మొదటి పది నిమిషాల్లోనే ఒకసారి నోరు విప్పు, ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. చిన్నప్పటినుంచీ "నువ్వు చాలా తెలివైనవాడివి" అని పెంచాం. ఇప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గేసరికి పుస్తకం ముట్టడం లేదు. నువ్వు చేయగలవురా అని ఎంత చెప్పినా ఎక్కడం లేదు. – ఒక తల్లి, హోరమావు

జవాబు: తెలివైనవాడివి అని విని పెరిగిన పిల్లలకు మార్కులు తగ్గడమంటే ఆ పేరు పోవడమే. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు ఐదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధనలో, తెలివిని పొగిడించుకున్నవాళ్లు తర్వాత తేలిక ప్రశ్నలవైపు మొగ్గారు, కష్టపడ్డావని పొగిడించుకున్నవాళ్లు కష్టమైనవి ఎంచుకున్నారు. వాడు పుస్తకం ముట్టకపోవడం బద్ధకం అయ్యుండకపోవచ్చమ్మా, ఆ పేరు కాపాడుకోవడం కావచ్చు. చదవకుండా తప్పితే "చదవలేదు కాబట్టి" అని చెప్పుకోవచ్చు కదా.

పై జవాబులో వానరుల సభ చెప్పాను, దాని తర్వాతి భాగం మీకోసం. హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చుని ఉంటే జాంబవంతుడు వెళ్లి ఉత్తినే "నువ్వు చేయగలవు" అనలేదు. నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ని చూసి పండనుకుని ఆకాశానికి ఎగిరావు, అంటూ జరిగినదాన్ని పూసగుచ్చినట్టు గుర్తుచేశాడు. మీరూ అలా చేయండి. వాడి ఏడో తరగతి నోటుబుక్కు ఎక్కడో అటక మీద ఉంటుంది, తీయండి. బీజగణితం మొదట్లో ఎలా తప్పులు చేశాడో, నాలుగు పేజీల తర్వాత ఎలా సరిగ్గా వేశాడో అందులో ఉంటుంది, చూపించండి. ఈ వారం ఒక్క పాఠం, అందులో తేలికైన ఐదు లెక్కలు. పక్కింటి పిల్లాడి మార్కుల ప్రస్తావన మాత్రం దయచేసి తేవొద్దు.

ప్రశ్న: మా ఆయన నాకు తెలియకుండా షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగు (ధరలు పెరుగుతాయా తగ్గుతాయా అని ముందే డబ్బు పెట్టడం) చేసి, పర్సనల్ లోన్ తీసుకుని అదీ పోగొట్టారు. బ్యాంకువాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే బయటపడింది. ఏడ్చారు, ఇక చేయనన్నారు. కానీ నేను ఏదైనా అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అంటున్నారు. మా నాన్నగారి ఆపరేషన్ అప్పుడు ఆయన కొడుకులా చూసుకున్నారు, పిల్లలంటే ప్రాణం. నేను ఈయన్ని నమ్మాలా వద్దా? – ఒక చెల్లి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: చెల్లీ, ఆయన అడుగుతున్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పండి. "నాన్నను చూసుకునే విషయంలో ఉంది, పిల్లల విషయంలో ఉంది, డబ్బు విషయంలో ప్రస్తుతం లేదు." ఇది క్రూరమైన మాట కాదు. పోయినదాన్ని ఉన్నట్టు నటిస్తే ఇద్దరూ రోజూ అబద్ధంలో బతకాలి.

ముందు జరిగినదాని స్వభావం చెప్తాను. స్టాక్ మార్కెట్లను చూసే సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021–22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల పైమాటే. అంటే మీ ఆయన ఒక్కరే ఏదో తెలివితక్కువవారని కాదు, ఆ ఊబిలో దిగినవాళ్లలో బయటపడేది నూటికి ఏడుగురు. పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ వేయడం, అది దాచడానికి అప్పు చేయడం, అప్పు దాచడానికి అబద్ధం చెప్పడం, ఇలా పాకుతుంది. డబ్బు పోవడం కన్నా మిమ్మల్ని ఎక్కువ కోసింది ఆ దాచడమే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

క్షమించడం మీ చేతిలో ఉంది, ఈ రాత్రే క్షమించొచ్చు. నమ్మకం అలా కాదు, దాన్ని ఆయన చేసి చూపించాలి, మీకు కనిపించేలా. మొదటి పని, మొత్తం అప్పు ఎంతో తేలాలి. ఇంకా ఎక్కడైనా ఉందేమోనని రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం ఉంది చూశారా, అది అప్పుకంటే ఎక్కువ తినేస్తుంది. మన దేశంలో నాలుగు క్రెడిట్ సంస్థలున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆయనే మీ పక్కన కూర్చుని నాలుగూ డౌన్‌లోడ్ చేయాలి, ప్రతి లోనూ, ప్రతి కార్డూ ఒక కాగితం మీద రాయాలి. స్నేహితుల దగ్గర, చుట్టాల దగ్గర చేతిమీద తెచ్చినవి రిపోర్టులో రావు, అవి ఆయన నోటితో చెప్పాలి. ఆ రోజు ఎంత చెప్పినా అరవకండి, అరిస్తే మళ్లీ దాచడం మొదలవుతుంది. ట్రేడింగు ఖాతాలో ఆ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ విభాగం మూయించండి. జీతం పడే ఖాతా ఇద్దరికీ కనిపించాలి, నెలకొకరోజు ఇద్దరూ కూర్చుని లెక్క చూడాలి. అప్పు తీర్చడానికని కొత్త లోన్‌లో మీ సంతకం అడిగితే ఇప్పుడే పెట్టొద్దు, మీ బంగారం తాకట్టుకూ ఇప్పుడే ఇవ్వొద్దు.

ఇవన్నీ ఆయన విసుక్కోకుండా ఏడాదిపాటు చేస్తే మీరు అడగడం దానంతటదే తగ్గుతుంది. విసుక్కుంటే, "ఎన్నిసార్లు చెప్పాలి" అంటే, ఆయనకింకా జరిగినదాని బరువు తెలియలేదని అర్థం. అప్పుడు ఇరువైపులా పెద్దవాళ్లలో ఆయన గౌరవించే ఒక్కరికి చెప్పండి, పదిమందికి వద్దు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన నిద్రపోకుండా తిరుగుతున్నా, "నేను లేకపోతే మీరు బాగుంటారు" లాంటి మాట అన్నా ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, మీకు మరీ దూరం కూడా కాదు. మీక్కూడా మనసు బరువెక్కితే అదే నంబరు.

ప్రశ్న: రాజమండ్రిలో ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయాక కుందలహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. అక్కడ ఊరంతా స్కూటర్ మీద తిరిగిన నేను ఇక్కడ గేటు దాటాలంటే జంకుతున్నాను. భాష రాదు. కొడుకు "ఒక్కరే వెళ్లకండి నాన్నా" అంటాడు. వయసు వల్ల ధైర్యం పోతుందా? – ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: నమస్కారమండీ. మీ ధైర్యం రాజమండ్రి వీధులను నమ్ముకుని ఉండేది, ఏ మలుపులో ఏ కొట్టు ఉందో కాళ్లకు తెలుసు. ఆ వీధులు మారాయి, పక్కనుండే మనిషి కూడా లేరు. వయసు కన్నా అదే పెద్ద కారణమని నాకనిపిస్తోంది. కొత్త ఊరి మీద నమ్మకం కొత్తగా, కొంచెం కొంచెంగా తెచ్చుకోవాల్సిందే.

మీకు దగ్గర్లోనే పర్పుల్ లైన్ మెట్రో ఉంది, 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మొత్తం నడుస్తోంది. మొదటిసారి మీ అబ్బాయిని వెంట రమ్మనండి, కానీ టికెట్టు మీరే తీయాలి, దారి మీరే చూడాలి, అతను రెండడుగులు వెనక నడవాలి. రెండోసారి ఒక్కరే కుందలహళ్లిలో ఎక్కి పక్క స్టేషన్ సీతారాంపాళ్యలో దిగి వెనక్కి వచ్చేయండి. జనం తక్కువగా ఉండే పదకొండు గంటల వేళ చూసుకోండి, ఆఫీసుల టైములో వద్దు. అది అలవాటయ్యాక హూడి, ఆ తర్వాత ఒకరోజు ఏకంగా కబ్బన్ పార్క్, అక్కడ బయటకొస్తే చెట్ల కింద బోలెడన్ని బెంచీలు, మీ వయసువాళ్లు కూడా కనిపిస్తారు. ఫోనులో లొకేషన్ షేర్ చేసి వెళ్లండి, అబ్బాయికీ టెన్షన్ ఉండదు. అతనికి నా తరఫున ఒక మాట చెప్పండి: ప్రేమతోనే వద్దంటున్నాడు, కానీ రోజూ వద్దంటే నాన్నకు నిజంగానే చేతకాదన్నట్టు అయిపోతుంది.

భాష గురించి మీరు భయపడుతున్నంత లేదు. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి, రెండు రోజులు బోర్డులు పట్టి చూస్తే స్టేషన్ పేర్లు, కొట్ల పేర్లు మీరే కూడబలుక్కుని చదివేస్తారు. "ఎల్లి" అంటే ఎక్కడ, "ఎష్టు" అంటే ఎంత, ఆటో ఆపాలంటే "ఇల్లి నిల్సి". ఈ ఊళ్లో కూరగాయల బండివాళ్లు, సెక్యూరిటీవాళ్లు, ఆటోవాళ్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది. ముందు మీ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఏ ఊరని అడగండి. మన తెలుగువాడే అయ్యే అవకాశం బాగానే ఉంది.